తుపాకి ఉక్కుకు పైపూత: మన్నిక, ఎంపికలపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తుపాకి ప్రధానంగా ఉక్కుతో నిర్మితమైన యంత్రం. తేమ, చెమట, ఉప్పుగాలి, మందుగుండు మిగిల్చే లవణాలు, రాపిడి దాన్ని నిరంతరం క్షీణింపజేస్తుంటాయి. వీటినుండి ఉక్కును కాపాడడానికి గత రెండు శతాబ్దాలలో బ్రౌనింగ్, బ్లూయింగ్, ఫాస్ఫేటింగ్, క్రోమియం, నికెల్ పూతలు, నైట్రైడింగ్, పాలిమర్-సెరామిక్ పూతలు వాడుకలోకి వచ్చాయి. వీటిలో ప్రతిదాని వెనుక ఉన్న రసాయనసూత్రాన్నీ, అది పనికివచ్చే సందర్భాన్నీ, దాని పరిమితులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పూత ఎంపిక రంగుకూ మెరుపుకూ సంబంధించిన విషయంగా పైకి కనిపించినా, నిజానికి అది ఆయుధం పనితీరుకూ దానిపై ఆధారపడిన మనిషి ప్రాణానికీ సంబంధించినదని చారిత్రక ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలకపదాలు: తుప్పు, మాగ్నెటైట్, బ్లూయింగ్, ఫాస్ఫేటింగ్, క్రోమియం పూత, నైట్రైడింగ్, ఉప్పునీటి తుంపర పరీక్ష, ఆయుధాల చట్టం.

1. ప్రవేశిక

కత్తిపీటతో మామిడికాయలు తరిగి, కడిగి తుడవకుండా రాత్రంతా వదిలేస్తే తెల్లవారేసరికి దాని అంచున ఎర్రని మరకలు కనిపిస్తాయి. పులుపు, తడి, గాలి కలిసినచోట ఉక్కుకు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ అక్కరలేదు. కత్తిపీటనైతే ఇటుకపొడితో తోమి మళ్లీ వాడుకోవచ్చు. తుపాకికి ఆ వెసులుబాటు లేదు. దాని భాగాలు ఒకదానిలో ఒకటి వెంట్రుకవాసి తేడాతో ఇమిడి ఉంటాయి. తూటా కూర్చునే గది గోడమీద తుప్పు తిన్న చిన్న గుంట ఏర్పడితే, పేలుడు వేడికీ ఒత్తిడికీ వ్యాకోచించిన ఇత్తడి తొడుగు ఆ గుంటను పట్టుకొని బయటికి రాకుండా మొరాయించవచ్చు. తొడుగు రాకపోతే తరువాతి తూటా లోపలికి వెళ్లదు.

బ్రిటిష్ సైన్యంలో 18వ శతాబ్దపు పదాతి సైనికుడు తన మస్కెట్‌ను తెల్లగా మెరిసేలా ఉంచుకోవలసివచ్చేది. ఇటుకపొడితో తోమడం అతని నిత్యకృత్యాలలో ఒకటి. తోమిన ప్రతిసారీ కొంత లోహం అరిగిపోయేది. తుప్పు వల్ల కలిగే నష్టానికి తుప్పును వదిలించడం వల్ల కలిగే నష్టం తోడయ్యేదన్నమాట. ఈ అనుభవమే పైపూతల అవసరాన్ని సైన్యాలకు నేర్పింది.

2. తుప్పు స్వభావం

తెలుగువారు ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అనీ, రాగి ఇత్తడి పాత్రలకు పట్టేదాన్ని చిలుము అనీ వేరుగా పిలుస్తారు. ఈ భేదం లోహశాస్త్రం దృష్టిలోనూ సమంజసమైనదే. రాగిపై కాలక్రమంలో ఏర్పడే పొర లోహాన్ని అంటిపెట్టుకొని, కింది లోహం త్వరగా నశించకుండా అడ్డుపడుతుంది. ఇనుముపై ఏర్పడే ఎర్రని తుప్పు అలాంటిది కాదు. అది నీటిని కలుపుకొన్న ఐరన్ ఆక్సైడ్. తాను ఏ ఇనుమునుండి పుట్టిందో దానికన్నా అనేక రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమించి, ఉబ్బి, పొరలుగా ఊడిపోతుంది. ఊడినచోట కొత్త ఉక్కు గాలికి తగులుతుంది. పైగా దాని సందులలో తేమ నిలుస్తుంది.

అయితే ఇనుముకు మరొక ఆక్సైడ్ ఉంది. అది మాగ్నెటైట్. నల్లగా, దట్టంగా ఉండి ఉక్కును గట్టిగా పట్టుకొని ఉంటుంది. కొలిమిలో కాల్చిన ఇనుముపై కమ్మరి చూసే నల్లని పెచ్చులో ఉండేదీ ప్రధానంగా ఇదే. ఎర్ర ఆక్సైడ్‌ను రాకుండా ఆపడం, లేదా వచ్చినదాన్ని నల్ల ఆక్సైడ్‌గా మార్చడం పాతకాలపు పూతలన్నింటి రహస్యం.

గాలిలో తేమ సుమారు 60 శాతాన్ని మించినప్పుడు ఉక్కుమీద తుప్పు వేగం బాగా పెరుగుతుంది. ఉపరితలంపై ఉప్పు ఉంటే అంతకన్నా తక్కువ తేమలోనే పని మొదలవుతుంది. చేతి చెమటలోనూ ఉప్పే ఉంటుంది. విశాఖపట్నంలో సముద్రపుగాలి తగిలే ఆయుధాగారానికీ, నిజామాబాదు వేసవిలోని ఆయుధాగారానికీ ఒకే పూత ఒకే విధంగా సరిపోతుందని అనుకోవడం ఈ కారణంగా పొరపాటు.

3. తుప్పుతోనే తుప్పును ఆపడం: బ్రౌనింగ్, బ్లూయింగ్

బ్రౌనింగ్ పద్ధతిలో ఉక్కుపై ఆమ్లద్రావణం పూసి, తేమగల గదిలో ఉంచి, కావాలనే తుప్పు పట్టనిస్తారు. పైకి లేచిన వదులు తుప్పును బ్రష్‌తో రుద్ది తీసేసి మళ్లీ పూస్తారు. ఇలా అనేకసార్లు చేస్తే సన్నని, నునుపైన గోధుమరంగు పొర మిగులుతుంది. ప్రతి విడతలోనూ తుప్పు పట్టిన భాగాన్ని నీటిలో మరిగిస్తే ఎర్ర ఆక్సైడ్ నల్లని మాగ్నెటైట్‌గా మారుతుంది. ఇదే రస్ట్ బ్లూయింగ్. రోజుల తరబడి పట్టే పని కాబట్టి నేడు ఖరీదైన వేటతుపాకుల తయారీలోనూ, పాతవాటి పునరుద్ధరణలోనూ మాత్రమే ఎక్కువగా కనిపిస్తుంది.

కర్మాగారాలు ఇంతకాలం ఆగలేవు. 20వ శతాబ్దంలో ప్రాచుర్యం పొందిన వేడి బ్లూయింగ్‌లో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల గాఢద్రావణాన్ని సుమారు 135 నుండి 150 డిగ్రీల సెల్సియస్‌కు మరిగించి ఉక్కును అందులో ముంచుతారు. అరగంట అటూఇటూగా నల్లని పొర వస్తుంది. పొర మందం మైక్రాన్ ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి భాగాల కొలతలు మారవు. మెరుగు పెట్టిన ఉక్కుపై నీలిఛాయతో ఇది ఎంతో అందంగా ఉంటుంది. కొనుగోలుదారులను అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించేదీ, అన్నిటికన్నా తక్కువ రక్షణనిచ్చేదీ ఈ పూతే కావడం గమనార్హం. నూనె లేని బ్లూయింగ్ తుప్పును ఎక్కువకాలం ఆపలేదు. చర్మపు ఒర రాపిడికి అంచులలో త్వరగా చెరిగిపోతుంది.

ఈ రెండు పద్ధతుల మధ్య ఎంపిక కేవలం ఖర్చుకు సంబంధించినది కాదు. రెండు గొట్టాల వేటతుపాకులలో గొట్టాలను కలిపి ఉంచే పట్టీలను చాలావరకు తగరం-సీసం టంకంతో అతుకుతారు. వేడి కాస్టిక్ ద్రావణం ఈ టంకాన్ని తినివేస్తుంది. పని పూర్తయిన రోజున అంతా సవ్యంగా కనిపించినా, సందులలో దాగిన లవణం తరువాత బయటికి ఊరుతుంది, పట్టీ వదులవుతుంది. తాతల కాలంనాటి జోడుగొట్టాల తుపాకిని తెలియక వేడి బ్లూయింగ్‌కు ఇచ్చి పాడుచేసుకోవడం ఈ వృత్తిలో తరచుగా చెప్పుకొనే తప్పిదం. అలాంటివాటికి నిదానమైన రస్ట్ బ్లూయింగ్ ఒక్కటే తగిన మార్గం.

4. ఫాస్ఫేట్ పొర: నూనెను పట్టి ఉంచే గరుకుదనం

ఇనుప పెనాన్ని రోజూ నూనెతో వాడుతుంటే అది నల్లబడి తుప్పుకు లొంగకుండా ఉంటుంది. రక్షణలో నూనె పాత్ర ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది. నునుపైన ఉక్కుపై నూనె నిలవదు, జారిపోతుంది. దాన్ని పట్టి ఉంచే గరుకు ఉపరితలం ఉంటే? ఫాస్ఫేటింగ్ ఈ ప్రశ్నకు సమాధానం. ఫాస్ఫారిక్ ఆమ్లంలో మాంగనీసు లేదా జింక్ ఫాస్ఫేట్ కరిగిన ద్రావణాన్ని మరుగుస్థాయికి కాస్త దిగువన ఉంచి, ఇసుకతోనో తత్సమానమైన రేణువులతోనో గరుకు చేసిన ఉక్కును అందులో ముంచుతారు. ఉక్కు ఉపరితలం కొద్దిగా కరిగి, దానిపై ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. బూడిదరంగులో, మెరుపు లేకుండా ఉండే ఈ పొర స్ఫటికాల సందులలో నూనెను పీల్చుకొని నిలుపుకొంటుంది.

బ్రిటన్‌లో థామస్ వాట్స్ కాస్లెట్ 1906లో ఈ రంగంలో పేటెంట్ పొందాడు. ఆ హక్కులను అమెరికాలో క్లార్క్ పార్కర్ సంపాదించి 1915లో సంస్థను నెలకొల్పాడు. పార్కరైజింగ్ అన్న పేరు అలా వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికుడి ఎం1 గరాండ్ రైఫిల్‌కు ఉన్నది ఈ పూతే. ఎండలో తళుక్కుమని శత్రువుకు ఆచూకీ ఇవ్వకపోవడం సైన్యానికి అదనపు లాభం. యుద్ధం తరువాతి బ్రిటిష్ రైఫిళ్లలో ఫాస్ఫేట్ పొరపై కాల్చిన నల్లరంగును కూడా వేశారు. పొరలోని గరుకుదనం నూనెనే కాక రంగును కూడా గట్టిగా పట్టుకొంటుంది.

ఇక్కడ ఢిల్లీ ఇనుపస్తంభాన్ని గుర్తుచేసుకోవడం అసందర్భం కాదు. పదహారు వందల ఏళ్లకు పైబడి అది నిలిచి ఉండడానికి, ఆ ఇనుములో అధికంగా ఉన్న భాస్వరం ఉపరితలంపై రక్షకమైన ఫాస్ఫేట్ పొర ఏర్పడడానికి తోడ్పడిందని ఐఐటీ కాన్పూరుకు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధన వివరించింది. స్తంభం విషయంలో అది శతాబ్దాల తడి, ఎండల చర్య. కర్మాగారంలో నిమిషాల చర్య. రెండింటినీ ఒకటే అనలేకపోయినా భాస్వరానికీ ఇనుముకూ ఉన్న మైత్రి మాత్రం ఒకటే.

ఫాస్ఫేటింగ్‌కూ హద్దులున్నాయి. నూనె ఆరిపోతే దాని రక్షణ బాగా తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌పై సాధారణ పద్ధతిలో ఈ పొర ఏర్పడదు. ఎందుకంటే ఆ లోహం ద్రావణంతో చర్య జరపడానికి నిరాకరిస్తుంది.

5. గొట్టం లోపలి సమస్య: క్రోమియం

పైన చెప్పినవన్నీ ప్రధానంగా బయటి ఉపరితలానికి చెందినవి. తుపాకికి అసలు పరీక్ష లోపల జరుగుతుంది. పూర్వపు తూటాల ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలిన తరువాత అది పొటాషియం క్లోరైడ్‌గా గొట్టంలో మిగిలేది. ఇది వంట ఉప్పుకు దగ్గరి బంధువు, గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దీన్ని నూనె కరిగించలేదు. నూనెగుడ్డతో ఎంత తుడిచినా ఉప్పు గొట్టంలోనే ఉండిపోయి, నూనెపొర కింద తన పని తాను చేసుకుపోతుంది. ఈ కారణంగానే బ్రిటిష్ సైన్యంలో .303 రైఫిల్ గొట్టంలోకి గరాటుతో మరుగునీళ్లు పోసి కడిగే అలవాటు ఉండేది. అదే రైఫిల్ భారతదేశంలో పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు కొనసాగింది. నీరే ఉక్కుకు శత్రువనుకొనేవారికి ఈ విధానం వింతగా తోచవచ్చు. ముందు నీటితో ఉప్పును వదిలించి, తడి ఆరాక నూనె రాయడమే సరైన క్రమం.

గొట్టం లోపలికి గట్టి క్రోమియం పూతనివ్వడం దీనికి శాశ్వత పరిష్కారాలలో ఒకటి. రెండవ ప్రపంచయుద్ధకాలపు జపాన్ టైప్ 99 రైఫిల్‌లోనూ, తరువాత సోవియట్ ఏకే రైఫిళ్లలోనూ ఇది ఉంది. ఉష్ణమండల అడవులలోని అనుభవం దాని విలువను అప్పటికే తెలియజెప్పింది. అయినా 1960వ దశకంలో వియత్నాంకు అమెరికా పంపిన తొలి ఎం16 రైఫిళ్లలో తూటా గదికి క్రోమియం పూత లేదు. ఈ రైఫిల్‌ను అంతగా శుభ్రం చేయనవసరం లేదన్న అభిప్రాయం వ్యాపించింది. శుభ్రపరిచే సామగ్రి తగినంతగా అందలేదు. తూటాలలోని మందు రకమూ మార్చారు. వానలో, బురదలో గదులు తుప్పుపట్టి గుంటలు పడ్డాయి, తొడుగులు ఇరుక్కుపోయాయి. పోరు మధ్యలో తుపాకి విప్పి, కడ్డీతో తొడుగును బయటికి పొడుస్తూ కొందరు సైనికులు మరణించారు. 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి సైన్యం తీరును తీవ్రంగా తప్పుపట్టింది. తరువాత ముందుగా గదికి, ఆపై గొట్టం మొత్తానికి క్రోమియం పూత వచ్చింది. వైఫల్యానికి పూత లేకపోవడం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. మందు మార్పుకూ, సామగ్రి కొరతకూ అందులో భాగముంది. కాని కొద్ది మైక్రాన్ల లోహపు పొర గురించి ఖర్చు లెక్కలో తీసుకొన్న నిర్ణయం ఎక్కడివరకు పోగలదో ఈ ఉదంతం చూపిస్తుంది.

విద్యుత్తు సాయంతో వేసే పూతలలో మరొక చిక్కు ఉంది. పూత వేసేటప్పుడు పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. స్ప్రింగుల వంటి గట్టి భాగాలు రోజుల తరువాత హఠాత్తుగా విరిగిపోవచ్చు. అందుచేత పూత వేసిన వెంటనే సుమారు 190 డిగ్రీల వద్ద గంటల తరబడి వేడిచేసి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి. పనివాడు ఈ మెట్టును దాటవేస్తే కంటికి ఏ తేడా తెలియదు. ఇక 19వ శతాబ్దంలో రివాల్వర్లకు బాగా వాడిన నికెల్ పూత మెరుపులో సాటిలేనిదే కాని, అది ఒక్కచోట పగిలితే ప్రమాదం. నికెల్, ఉక్కు తడిలో ఒకచోట ఉన్నప్పుడు ఉక్కే బలవుతుంది. పగులు కింద తుప్పు లోతుకు దిగుతుంది, పూత పెచ్చులుగా లేస్తుంది. జింక్ ఇందుకు విరుద్ధం. తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. కాని తుపాకి భాగాల రాపిడికి జింక్ మెత్తదనం పనికిరాదు.

6. పూత కాని పూత: నైట్రైడింగ్

ఇంతవరకు చెప్పిన పూతలలో చాలావాటికి ఊడిపోయే అవకాశం ఉంది. నైట్రైడింగ్‌లో ఆ ప్రశ్న లేదు. నత్రజనినీ, కొంత కర్బనాన్నీ ఉక్కులోకే వ్యాపింపజేసి ఉపరితలాన్ని వేరొక పదార్థంగా మారుస్తారు. కరిగిన లవణాల తొట్టిలో సుమారు 580 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే పైన పది ఇరవై మైక్రాన్ల అతి కఠినమైన పొర, దాని కింద నత్రజని వ్యాపించిన మండలం ఏర్పడతాయి. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్తోలు ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా పేరుతెచ్చింది. దాని పైనున్న నల్లరంగు అరిగిపోయినా అడుగునున్న గట్టిపొర రక్షణ ఇస్తూనే ఉంటుంది. బ్లూయింగ్‌కు రంగు పోవడమంటే రక్షణ పోవడమే.

ఈ పద్ధతికీ జాగ్రత్త కావాలి. 580 డిగ్రీలకన్నా తక్కువ వేడిలో పదును పెట్టిన ఉక్కును ఈ తొట్టిలో ఉంచితే లోపలి గట్టిదనం తగ్గిపోతుంది. కాబట్టి ఏ ఉక్కు, దానికి ముందు ఏ ఉష్ణచికిత్స జరిగింది అన్నది తెలియకుండా పాత తుపాకిని నైట్రైడింగ్‌కు పంపడం తగదు. కొత్త ఆయుధం రూపకల్పనలోనే దీన్ని చేర్చుకోవడం ఉత్తమం.

7. పాలిమర్-సెరామిక్ పూతలు, అల్యూమినియం

సెరాకోట్ వంటి నేటి పూతలు పాలిమర్‌లో సెరామిక్ రేణువులు కలిపి పిచికారీ చేసేవి. ఓవెన్‌లో కొద్దిపాటి వేడితోనే గట్టిపడతాయి. ఉక్కు, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్, ప్లాస్టిక్ అన్నింటిపైనా నిలుస్తాయి, కోరిన రంగులో దొరుకుతాయి. తేమనూ ఉప్పునూ ఆపడంలో బ్లూయింగ్ వీటి దరిదాపులకు రాదు. కాని వీటి మందం సుమారు 25 మైక్రాన్లు. ఒకదానిలో ఒకటి జారే భాగాలలో ఆ మందాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. గొట్టం లోపలికి ఇవి పనికిరావు. ఇక మన్నికంతా పూతకు ముందు జరిగే పనిలో ఉంటుంది. గరుకు చేయడంలో, జిడ్డు వదిలించడంలో లోపముంటే ఎంత ఖరీదైన పూతయినా గోళ్లకే లేచివస్తుంది. గోడకు సున్నం వేసేవారికి తెలిసిన సంగతే ఇది.

అల్యూమినియం భాగాలది వేరే దారి. ఆ లోహాన్నే ఆనోడ్‌గా చేసి దాని ఆక్సైడ్‌ను దట్టంగా పెంచే హార్డ్ ఆనోడైజింగ్ వాటికి తగినది. వేడి బ్లూయింగ్ ద్రావణంలో అల్యూమినియం భాగం పొరపాటున పడితే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పేరు చూసి నిశ్చింతగా ఉండడమూ సరికాదు. తరిణె పట్టడానికి వీలుగా గంధకం కలిపిన రకాలను గొట్టాలకు ఎక్కువగా వాడతారు. చెమట తడిలో వదిలేస్తే వాటికీ మచ్చలు పడతాయి.

8. పరీక్షల అంకెలను చదవడం

పూతల ప్రకటనలలో ఇన్ని వందల గంటలు, ఇన్ని వేల గంటలు తట్టుకొందని రాస్తారు. ఈ అంకెలు ఎక్కువగా 1939నుండి వాడుకలో ఉన్న ఏఎస్‌టీఎం బి117 అనే ఉప్పునీటి తుంపర పరీక్షవి. 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటి తుంపరను ఎడతెగకుండా చల్లుతారు. ఒకే పూత రెండు విడతల నాణ్యతను పోల్చడానికి ఇది మంచి సాధనం. ఇన్ని గంటలంటే ఇన్ని సంవత్సరాలు అని లెక్కగట్టడానికి మాత్రం కాదు. నిజజీవితంలో తుపాకి తడుస్తుంది, ఆరుతుంది, ఒరలో రాసుకొంటుంది, వేడెక్కుతుంది, కిందపడుతుంది. పెట్టెలో ఇవేవీ ఉండవు. గీత పడని పలకమీద వచ్చిన అంకె, గీతపడిన పిస్తోలుకు వర్తించదు. ప్రకటనలో గంటల సంఖ్య ఉండి, పూత మందమూ, కింది లోహమూ, నూనె రాశారా లేదా అన్నదీ చెప్పకపోతే ఆ సంఖ్యకు విలువ ఇవ్వనక్కరలేదు.

9. పాత ఆయుధాలు, చట్టం

పూత మార్చే ముందు పాతదాన్ని సానపట్టి తీసేయాలి. ఇక్కడ చట్టం అడ్డువస్తుంది. భారత ఆయుధాల చట్టం, 1959లోని 8వ సెక్షన్ తుపాకిపై ముద్రించిన పేరు, సంఖ్య, ఇతర గుర్తింపు చిహ్నాలను చెరపడాన్ని, మార్చడాన్ని నిషేధిస్తుంది. 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతు పనికి లైసెన్సు ఉండాలి. లోతు తక్కువగా చెక్కిన సంఖ్య గట్టిగా సానపడితే మాసిపోతుంది. యజమాని ఉద్దేశం అందమే అయినా, మాసిపోయిన సంఖ్యకు సంజాయిషీ చెప్పుకోవలసివస్తుంది. లైసెన్సు గల పనివాడికి ఇచ్చేముందు సంఖ్యను రాసి ఉంచుకోవడం, ఆ భాగాన్ని సానపట్టవద్దని స్పష్టంగా చెప్పడం అవసరం.

చారిత్రకమైన ఆయుధాలకైతే కొత్త పూత అసలే కూడదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు తొలిభాగంలో హెన్రీ వోయ్సీ నమోదు చేశాడు. అలాంటి మూస ఉక్కుతో చేసిన ఆయుధాలపై నీటి అలలవంటి రేఖలుంటాయి. అవి ఉక్కులోని నిర్మాణభేదాలు ఆమ్లపు తాకిడికి బయటపడినవి. సానపట్టి వేడి బ్లూయింగ్ చేస్తే ఆ రేఖలు నల్లని పొరలో కలిసిపోతాయి. వాటితోపాటు ఆ లోహం ఏ కొలిమిలో, ఏ పద్ధతిలో పుట్టిందో చెప్పగల ఆధారమూ పోతుంది. సంగ్రహాలయ సంరక్షకులు ఇలాంటివాటికి చురుకైన తుప్పును మాత్రమే మెత్తగా తొలగించి, సూక్ష్మస్ఫటిక మైనాన్ని పలుచగా పూసి, తేమను అదుపులో ఉంచిన అరలలో భద్రపరుస్తారు. మైనం అవసరమైతే ద్రావకంతో పూర్తిగా తుడిచివేయదగినది. చేతి చెమట తగలకుండా తొడుగులు ధరించి మాత్రమే వాటిని ముట్టుకొంటారు.